స్టార్టప్ పెట్టుబడుల్లో ఏఐ: మార్కెట్ల నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి నమస్కారం.

కంపెనీల్లో ఇన్‌వాయిస్‌ల తనిఖీ, నగదు అంచనాలు ఏఐ చేస్తోంది. అక్కడ తప్పు దొర్లితే ఆడిటర్ పట్టుకోగలరు. నా టెన్షనంతా స్టార్టప్ పెట్టుబడుల గురించే. కొన్ని ఫండ్లలో పిచ్ డెక్‌లను, అంటే నిధుల కోసం స్టార్టప్‌లు పంపే ప్రజెంటేషన్లను, మొదట జల్లెడ పట్టేది ఏఐ మోడలే. పాత విజయాల డేటాతో నేర్చుకున్న మోడల్‌కు, ఇంతకుముందు నిధులు దక్కనివాళ్లు ఇప్పుడూ బలహీనంగానే కనిపించే ప్రమాదముంది. ఎందుకు కాదన్నారో వాళ్లకు చెప్పేవారుండరు. ఇది అన్యాయం. యూరప్ 2024 ఏఐ చట్టం వ్యక్తుల రుణ అర్హతను లెక్కగట్టే వ్యవస్థలను అధిక ప్రమాద కోవలో పెట్టింది. పెట్టుబడి వడపోతకూ అలాంటి నిఘా కావాలి.

ఇక ఏఐని వాడకుండానే వాడుతున్నామని చెప్పుకునే గొప్పలు. 2024 మార్చిలో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఇలాంటి తప్పుడు ప్రచారం చేసిన రెండు పెట్టుబడి సలహా సంస్థల నుంచి మొత్తం 4 లక్షల డాలర్ల జరిమానా రాబట్టింది. నిధులడిగే సంస్థలు ఏ పని మోడల్ చేస్తోందో, ఏది మనుషులు చేస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలని ఆదేశించండి.