వార్షిక నివేదిక: మిడ్ మార్కుల నుంచి బోధన నాణ్యత దాకా

సభ్యులందరికీ నమస్కారం.

విజయవాడ, గుంటూరు కళాశాలల నాణ్యతా విభాగాల్లో పనిచేసే మన సభ్యులు ఈ ఏడాది ఎక్కువ శ్రమ పెట్టింది ఒక్క పని మీదే: కోర్సు లక్ష్యాల సాధన లెక్క, అంటే కోర్సులో నేర్చుకోవాల్సినదాన్ని ఎంత శాతం మంది నేర్చుకున్నారో మార్కుల నుంచి తేల్చడం. కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ ప్రమాణాల్లో ఇది బోధన, అభ్యసనం, మూల్యాంకనం కిందకు వస్తుంది. ఇంజినీరింగ్ వంటి వృత్తి కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏకైతే ఇదే గుండెకాయ. మిడ్ (సెమిస్టర్ మధ్యలో జరిగే పరీక్ష) మార్కుల ఎక్సెల్ షీట్లు ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా ఒకే తప్పు ఎదురైంది.

తప్పంతా ‘లేదా’ ప్రశ్న దగ్గర, అంటే రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకుని రాసే ప్రశ్న దగ్గర. తరగతిలో 60 మంది అనుకుందాం. రెండో ప్రశ్నలో మొదటిదాన్ని ఎంచుకున్నది 24 మంది. పదికి ఆరు మార్కులొస్తే లక్ష్యం అందుకున్నట్టు అనుకుంటే, వారిలో ఆరు, ఆపైన తెచ్చుకున్నది 18 మంది. అంటే సాధన 75 శాతం. రాయని 36 మంది గడుల్లో సున్నా కొడితే షీటు 60తో భాగించి 30 శాతమే చూపిస్తుంది. చక్కగా చెప్పిన పాఠం కాగితం మీద చెడిపోతుంది. రాయనివారి గడి ఖాళీగానే వదలాలి. రాసినా మార్కు రానివారికే సున్నా. కౌంట్ ఫార్ములా అంకె ఉన్న గడులనే లెక్కపెడుతుంది కాబట్టి ఖాళీ వదిలితే భాగించే సంఖ్య దానంతటదే సరిపోతుంది. ‘లేదా’కు అటూ ఇటూ ఉన్న ప్రశ్నలు రెండూ ఒకే కోర్సు లక్ష్యాన్ని, బ్లూమ్ వర్గీకరణలో (గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం వంటి ఆలోచనా స్థాయిల్లో) ఒకే స్థాయిని పరీక్షించాలి. లేకపోతే సగం తరగతికి ఆ లక్ష్యం మీద పరీక్షే జరగనట్టు.

లెక్క కుదిరాక అసలు పని మొదలవుతుంది. సాధన నివేదికలోని ‘తీసుకున్న చర్య’ గడిలో ‘తగిన చర్యలు తీసుకున్నాం’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ యూనిట్ వెనకబడింది, ఎన్ని ట్యుటోరియల్ గంటలు పెంచారు, తర్వాతి బ్యాచ్‌లో ఎంత తేడా వచ్చింది, ఈ మూడూ ఉండాలి. సాధించాల్సిన శాతాన్నే కిందికి దించి సాధించామనడం పిల్లలకు అన్యాయమని మన సంఘం గట్టిగా నమ్ముతోంది.

విద్యార్థి సంతృప్తి సర్వేకు ఈమెయిల్ చిరునామాలు ముందే సరిచూసుకోవాలి. అడ్మిషన్ నాడు నెట్ సెంటర్‌వారిది రాయించి ఉంటే సర్వే లింకు పిల్లలకు అందదు.

వచ్చే ఏడాది మొదటి సమావేశానికి ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఒక మిడ్ ప్రశ్నపత్రం, దాని మూల్యాంకన పథకం, పేర్లు తీసేసిన మార్కుల షీటు తేవాలని కోరుతున్నాం.

— కార్యవర్గం