డాలస్‌లో మా చెల్లెలి గుమ్మం ముందు క్యారియర్ పెట్టి వెళ్లిన మీకు

నేను ప్రొద్దుటూరులో ఉంటాను, గవర్నమెంటు బడిలో టీచర్‌ని. పేర్లు రాయొద్దని మీరు గట్టిగా చెప్పారు కాబట్టి మీ సొంత ఊళ్ల పేర్లతోనే పిలుస్తున్నా. జమ్మలమడుగు అక్కా, మైదుకూరు తమ్ముడూ, రాజంపేట నర్సమ్మా, ఇది మీ ముగ్గురికీ.

కోవిడ్‌తో మూసిన బడులు 2021 ఆగస్టు 16న ఇక్కడ మళ్లీ తెరిచాం. మాస్కు లేకుండా ఏ పిల్లనూ గేటు దాటనివ్వలేదు, మరిచిపోయి వస్తే నా సంచిలోంచే ఒకటి తీసిచ్చా. ఇంచుమించు అదే వారం డాలస్ దగ్గర మా చెల్లెలి కొడుకు మూడో తరగతికి వెళ్లాడు. అక్కడేమో మాస్కు మీ ఇష్టం అన్నారు, స్కూళ్లు తప్పనిసరి చేయకూడదని టెక్సాస్ గవర్నర్ ఆర్డరే ఇచ్చారు, దాని మీద కొందరు కోర్టుకు కూడా వెళ్లారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు టీకా అప్పటికి ఇంకా రాలేదు, తిరుగుతున్నదేమో డెల్టా రకం వైరస్. మావాడు మాస్కు పెట్టుకునే కూర్చున్నాడు. కానీ జబ్బున్నవాడి నోటి దగ్గరే ఆపాలి వైరస్‌ను, గదినిండా గాల్లోకి వచ్చేశాక మావాడొక్కడి మాస్కు సరిపోదు. రెండో వారంలో ఆ క్లాసులో ముగ్గురికి పాజిటివ్, నాలుగోవాడు మావాడు.

వాడికి రెండు రోజుల జ్వరంతో తగ్గిపోయింది, కానీ ఇంట్లోవాళ్లకూ అంటుకుంది. మా మరిదికి రెండు డోసులు అయ్యాయి, దగ్గుతో సరిపోయింది. చెల్లెలికి ఏడో నెల, టీకా వేసుకోలేదు. కడుపుతో ఉన్నావు, కాన్పయ్యాక చూద్దాంలే అని ఏప్రిల్‌లో చెప్పింది నేనే. జూలైలో మన దగ్గర గర్భిణులకు వేయడం మొదలుపెట్టాక కూడా ఫోన్ చేసి వేసుకో అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అమ్మను పంపుదామంటే ఆ ఏడాది మే 4 నుంచి ఇండియా నుంచి విజిటర్ వీసా వాళ్లను అమెరికా రానివ్వలేదు. పొద్దున ఏడున్నరకు, అక్కడ రాత్రి తొమ్మిదికి, ఫోన్లో చెల్లెలి ఆయాసం వింటూ కూర్చోవడం తప్ప మేం చేయగలిగిందేమీ లేదు.

అప్పుడు వచ్చారు మీరు. అక్కా, పన్నెండు రోజులు, ఒక్క పూట తప్పకుండా, మిరియాల చారు, రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి. గుమ్మం ముందు పెట్టి, బెల్ కొట్టి, అది తలుపు తీసి తీసుకునేదాకా కారు పక్కనే నిలబడేవారట. నోటికి ఏదీ రుచి తెలియకపోయినా సంగటి ముద్ద చూసి ఏడ్చిందట. తమ్ముడూ, అర్ధరాత్రి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ కొని తెచ్చిచ్చింది నువ్వే.

నర్సమ్మా, నీ గురించి ఎంత రాసినా తక్కువే. నైట్ డ్యూటీ దిగి వచ్చి వీడియో కాల్లో ఊపిరి లెక్కపెట్టేదానివి, బిడ్డ కదలికలు అడిగేదానివి. ఆక్సిజన్ 94 చూపించినప్పుడు రేపు చూద్దాం అనలేదు. గర్భిణులు రిస్కు ఎక్కువున్నవాళ్ల కిందికి వస్తారు, లక్షణాలు మొదలైన పది రోజుల్లోపే వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీ మందు సెలైన్‌లా ఎక్కించాలి అని అప్పుడు చెప్పి, నువ్వే ఫోన్లు చేసి అపాయింట్‌మెంట్ ఇప్పించావు. మూడో రోజుకు 97. నిన్న స్కానింగ్‌లో బిడ్డ బాగుందన్నారు.

డబ్బులు పంపుతామంటే ముగ్గురూ కోప్పడ్డారు, మళ్లీ ఆ మాట ఎత్తను. నర్సమ్మా, రాజంపేటలో మీ అమ్మగారు ఒక్కరే ఉంటారనీ, రెండో డోసు గడువు వచ్చిందనీ చెల్లెలు చెప్పింది. వచ్చే సోమవారం సెలవు పెట్టాను. ఆదివారం సాయంత్రం బస్సుకు వస్తున్నానని ఆమెకు చెప్పు, దగ్గరుండి వేయించి, జ్వరం వస్తే ఆ రాత్రి కూడా అక్కడే ఉంటా.