నొప్పి పోయినంత మాత్రాన

విజయనగరం

ప్రియ మిత్రమా,

ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నిలవడం లేదు. నోట్లో కుట్లున్న మనిషిచేత ఎక్కువ మాట్లాడించకూడదని అప్పుడు పెట్టేశాను, అందుకే ఈ ఉత్తరం.

దవడ బూరెలా పొంగిందని భయపడుతున్నావు. ఇంప్లాంటు, అంటే ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూ, వేసిన రెండో రోజో మూడో రోజో వాపు బాగా ఉండడం సహజమే. ఆ తరువాత తగ్గుతూ రావాలి. అలా కాక వాపు మళ్ళీ పెరిగినా, నొప్పి ముదిరినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, మత్తు దిగాక కూడా కింది పెదవి మొద్దుబారే ఉన్నా, మందుల షాపులో బిళ్ళ కొని మింగకుండా, ఆపరేషన్ చేసిన డాక్టరుగారి దగ్గరికి అదే రోజు వెళ్ళు. వదిన లవంగనూనె రాస్తానంటోందన్నావు, వద్దని నా మాటగా చెప్పు. అది పచ్చిపుండును మండిస్తుంది.

నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదు. ఆరో రోజుకు నాకు నొప్పి పూర్తిగా పోయింది. మానిపోయిందనుకుని రెండో వైపుతోనే కదా అని జంతికలు నమిలాను. ఒక పలుకు కుట్టు కిందికి దూరి, దారం తెగి, నోరంతా రక్తమయింది. మళ్ళీ కుట్టించుకుని ఇంకో రెండు వారాలు జావ మీదే ఉన్నాను. డాక్టరుగారు అప్పుడు చెప్పిన మాట నేను మరచిపోలేదు: మొదట స్క్రూను పట్టుకునేది పాత ఎముక, అది కొంత కరిగి కొత్త ఎముక పుట్టే లోపల, అంటే రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, పట్టు మొదటి రోజుకన్నా సడలుతుందట. నొప్పి పోయి మనకు ధైర్యం వచ్చేదీ సరిగ్గా అప్పుడే! టైటానియంతో ఎముక కలిసిపోతుందని స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్ గమనించి, 1965లో తొలిసారి మనిషి దవడలో పళ్ళకు ఆధారంగా అమర్చారు. ఆ కలయికకు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

అందుచేత చోడి (రాగి) అంబలి చల్లార్చి తాగు, అన్నం మజ్జిగలో మెత్తగా పిసుక్కో. ఉద్దానం నుంచి కొబ్బరిబోండాలు వచ్చాయని స్ట్రాతో పీల్చవద్దు, ఆ లాగుడుకు గాయం మీద గడ్డకట్టిన రక్తం ఊడిపోవచ్చు; గ్లాసులో పోయించుకో. గోరువెచ్చని గ్లాసుడు నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా నోరు తెరిచి జారవిడువు.

సిగరెట్టు విషయంలో మాత్రం బతిమాలుకుంటున్నాను. మీ తీరంలో అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగే ముసలమ్మల అంగిళ్ళు ఎలా తెల్లబడి మందమయ్యాయో చిన్నప్పుడు ఇద్దరం చూసినవాళ్ళమే. పొగ వల్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం అందని ఎముక స్క్రూను పట్టుకోలేదు. నీకున్న షుగరు కూడా అదుపు తప్పితే గాయం మానడం ఆలస్యమవుతుంది, చూయించుకో.

కుట్లు విప్పే రోజు ముందుగా తెలియజెయ్యి. పొద్దున్న రైలుకు ఆమదాలవలసలో దిగుతాను, ఇద్దరం కలిసే వెళ్దాం.

నీ
మిత్రుడు