బొంతలు ఆదివారానికి సిద్ధం చేయండి

పర్లాకిమిడి అక్కలకు, పిన్నులకు నమస్కారం.

బర్మింగ్‌హామ్‌లో ఉన్న నా ఆన్‌లైన్ స్నేహితురాలు మన బొంతల ప్రదర్శనకు హాలు ఖాయం చేసింది! మన బొంతలు ఇంగ్లండ్‌లో గోడలకెక్కబోతున్నాయి.

ఆదివారం సాయంత్రం 4 గంటలకు మా ఇంటికి తీసుకురండి. ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టండి. తడి ఉంటే దారిలో ముక్కవాసన వస్తుంది.

వెనక పై అంచున, కర్ర దూర్చడానికి 4 అంగుళాల వెడల్పు గుడ్డ గొట్టం చేత్తో కుట్టండి. కుట్టు ముందువైపు కనబడకూడదు.

కింద మూలన పేరు, ఊరు, కుట్టిన ఏడాది తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. ఏ ముక్క ఎవరి చీరదో, ఎవరి పంచెదో కూడా చెప్పండి. మా అమ్మ బొంతలో నాన్నగారి పంచె ఉంది, అదీ పంపుతున్నా.

పిపిలి ఊరి చాందువా పని (రంగు గుడ్డ ముక్కలు కత్తిరించి మరో గుడ్డపై కుట్టే పని) అందమే, కానీ ఈసారి పాత బట్టల బొంతలే.

మడతపెట్టకండి, చుట్టి తెండి. ఫోటోలు రేపు రాత్రిలోగా గ్రూపులో పెట్టండి, మర్చిపోవద్దు!