నలుగురి నోటా ఒక్కరి మాట: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. తొమ్మిదేళ్ల పాపకు శస్త్రచికిత్స, అరుదైన గ్రూపు రక్తం అత్యవసరం, దయచేసి అందరికీ పంపండి అని. కింద ఒక ఫోను నంబరు. పంపినవారు నాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన సహోద్యోగి. క్షణం కూడా ఆలోచించకుండా మూడు గ్రూపులకు, పదకొండు మంది మిత్రులకు పంపేశాను. ఆ తర్వాతే, నాకు తెలిసిన దాత ఒకరున్నారని చెబుదామని ఆ నంబరుకు ఫోను చేశాను. అటువైపు ఒక మగ గొంతు. అందులో విసుగు లేదు, అలసట ఉంది. "పాప బాగానే ఉందండీ. ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. ఆపరేషన్ అయి మూడేళ్లు దాటింది. ఈ వారంలో మీది ఆరో ఫోను" అన్నారాయన.

ఫోను పెట్టేసే ముందు ఆయన ఒక్కటే కోరారు: "మీరు ఎవరెవరికి పంపారో వాళ్లకు చెప్పండి, ఇక ఎవరికీ పంపవద్దని." చెప్పడానికి కూర్చున్నాను. పదకొండు మందిలో ఆరుగురు అప్పటికే మరికొందరికి పంపేశారు. ఆ మరికొందరిలో నలుగురైదుగురిని పట్టుకోగలిగాను. వాళ్ల నుంచి ఎక్కడికి వెళ్లిందో తెలుసుకునే దారి లేకపోయింది. పంపడానికి నాకు అర నిమిషం పట్టింది. వెనక్కి తీసుకోవడానికి అర్ధరాత్రి దాకా కూర్చున్నా కుదరలేదు.

నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్న మనిషిని. ఆ సందేశంలో తేదీ లేదన్న సంగతి నా కంటికి ఆనలేదు. అయినా అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ప్రతి మాటా ఒకనాడు నిజమే. ఒక తండ్రి కన్నీళ్లతో రాసుకున్న నిజం, కాలం చెల్లాక కూడా ఆగకుండా తిరుగుతూ ఆ తండ్రినే వేధిస్తోంది. దాన్ని ముందుకు తోసిన చేతుల్లో నాదీ ఒకటి.

ప్రజాభిప్రాయం కోసం మీ శాఖ విడుదల చేసిన డిజిటల్ అక్షరాస్యత పాఠ్యప్రణాళిక ముసాయిదా చదువుతుంటే ఆ రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. కంప్యూటర్ భాగాలు, టైపింగ్, ఫైళ్లు భద్రపరచడం, ఈ-మెయిల్ పంపడం, పాస్‌వర్డు జాగ్రత్తలు, చివర అరపేజీలో నకిలీ వార్తల గురించి హెచ్చరిక. ఇవి అక్కర్లేదని అనను. వీటిని నేర్పడంలో నాకూ భాగం ఉంది. కానీ ఇవి పలక పట్టుకోవడం, బలపం తిప్పడం నేర్పే పాఠాలు. వీటన్నిటిలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా ఆ రక్తం సందేశాన్ని నాలాగే పంపేసేవాడు.

1958లో యునెస్కో అక్షరాస్యతకు ఒక నిర్వచనం ఇచ్చింది. తన రోజువారీ జీవితం గురించి ఒక చిన్న, సరళమైన విషయాన్ని అర్థం చేసుకుంటూ చదవగలగడం, రాయగలగడం అక్షరాస్యత అని. ఇరవై ఏళ్ల తర్వాత, 1978లో, తన సమూహంలో సమర్థంగా మెలగడానికి, తన అభివృద్ధికీ సమాజ అభివృద్ధికీ చదువును, రాతను, లెక్కను వాడుకోగలగాలన్న మాట చేరింది. సమూహం అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోతాను. ఇవాళ మనిషి మెలిగే సమూహం ఒక వల. ఆ వలలో తాను ఎక్కడ ముడిపడి ఉన్నాడో, తన దాకా వచ్చిన మాట ఏ పోగుల మీదుగా వచ్చిందో, తన నుంచి ఎటు వెళుతుందో చూడలేని వారిని అక్షరాస్యులని ఎలా అనగలం?

మాటను తూచడానికి పెద్దలు "నలుగురూ ఏమంటున్నారు?" అని అడిగేవారు. మంచి తూకమే. ఆ నలుగురూ వేర్వేరు చోట్ల నుంచి, ఎవరి కళ్లతో వారు చూసి వచ్చేవారు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత కూడా ఆ లోకంలో పుట్టిందే. నెట్‌వర్క్‌లో ఆ నలుగురికీ మాట ఒకే చోటు నుంచి అంది ఉండవచ్చు. నేను పంపిన సందేశమే మర్నాడు వేరే ఇద్దరి నుంచి నా ఫోనుకు తిరిగి వచ్చింది. సంగతి తెలియకపోతే, ముగ్గురు చెప్పారు గనుక నిజమేనని ప్రమాణం చేసేంత నమ్మకం నాకు కుదిరేది. అందులో ఒకటి నా ప్రతిధ్వనే కావచ్చు.

దీన్ని పిల్లలకు మాటల్లో చెబితే తలకెక్కదని ఒక పని చేశాను. గోడమీద పెద్ద అట్ట. దాని మీద ముప్పై రెండు గుండుసూదులు, ఒక్కో విద్యార్థికి ఒక్కోటి. రోజూ ఎవరితో ఎక్కువగా సందేశాలు నడుస్తాయో వారి సూదికీ తమ సూదికీ మధ్య దారం కట్టమన్నాను. పావుగంటలో అట్ట మీద ఒక వల లేచింది. కొన్ని సూదుల చుట్టూ దారం ఉండలా చుట్టుకుపోయింది. కొన్నింటికి రెండే పోగులు. ఎక్కువ దారాలున్న అయిదుగురిని పిలిచి చొక్కాలకు ఎర్ర చీటీలు పెట్టాను. "మీ స్నేహితుల్లో కనీసం సగం మందికి ఎర్ర చీటీ ఉన్నవారు చేతులెత్తండి" అన్నాను. తరగతిలో సగానికి పైగా చేతులు లేచాయి.

ముప్పై రెండు మందిలో అయిదుగురంటే ఆరో వంతు కూడా కాదు. కానీ ఎవరి చోటు నుంచి వారు చూస్తే లోకమంతా ఎర్ర చీటీలే. వెనక బెంచీ పిల్లవాడు ఒకడు తన సూది వైపు, ఎర్ర చీటీల సూదుల వైపు మార్చి మార్చి చూసి, "అంటే అందరూ అంటున్నారని నేననుకునేది వీళ్లు అయిదుగురేనా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను విన్న మంచి ప్రశ్నల్లో అది ఒకటి. ఈ చిక్కును సామాజిక శాస్త్రవేత్త స్కాట్ ఫెల్డ్ 1991లోనే విప్పి చూపారు. ఎక్కువ స్నేహాలున్నవారు ఎక్కువ మంది జాబితాల్లో ఉంటారు, అందుకే మనలో చాలామందికి మనకంటే మన స్నేహితులకే ఎక్కువ మంది స్నేహితులున్నట్టు తేలుతుంది. 2016లో పరిశోధకురాలు క్రిస్టినా లెర్మన్, ఆమె సహచరులు దీని తర్వాతి అడుగును వివరించారు. కొద్దిమందిలోనే ఉన్న అభిప్రాయం, ఆ కొద్దిమందీ ఎక్కువ పోగులున్నవారైతే, అధిక సంఖ్యాకుల అభిప్రాయంలా కనిపిస్తుందని. ఈ పాఠానికి కంప్యూటర్ గది అవసరం లేదని మీరు గమనించే ఉంటారు. ఒక అట్ట, గుండుసూదులు, దారం చాలు.

అదే అట్ట మీద ఒక మూల మితభాషి అయిన ఒక అమ్మాయి సూది ఉంది. తరగతిలో ఆమెకు ఇద్దరే స్నేహితులు. మరో దారం ఎక్కడ కట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడింది. అది వేరే బడిలో చదివే బంధువుల అమ్మాయిది. ఆ దారాన్ని అట్ట అంచు దాటించి గోడకు అంటించాం. తరగతికి కొత్త సంగతులు తరచూ ఆమె ద్వారానే వచ్చేవని అప్పుడే అందరికీ తట్టింది. పోటీ పరీక్షల వివరాలైనా, చదవదగ్గ పుస్తకమైనా. 1973లో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ తన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పింది ఇదే. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అడిగితే, ఎక్కువ మందికి ఆ కబురు అందించింది అప్పుడప్పుడు మాత్రమే కలిసేవారు. రోజూ కలిసేవారికి మనకు తెలిసినదే తెలుస్తుంది. తన గుంపు దాటి ఒక్క పోగైనా బయటికి కట్టుకోవడం కూడా చదువులో భాగమేనని ఆ అమ్మాయి నాకు నేర్పింది.

ఇక చదివే తీరు. బడిలో మేం పిల్లలను రోజూ "పక్కచూపులు మాని పుస్తకంలోకి చూడు" అని గద్దిస్తాం. పుస్తకానికి అది సరైన మాట. వెబ్ పేజీకి అదే మాట చేటు చేస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ పది మంది చరిత్ర ఆచార్యులను, పది మంది వృత్తి నిజనిర్ధారకులను, ఇరవై అయిదు మంది విద్యార్థులను కూర్చోబెట్టి, కొన్ని వెబ్ పేజీల నిజాయతీ తేల్చమన్నారు. ఆచార్యుల్లో, విద్యార్థుల్లో చాలామంది పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. అందమైన చిహ్నానికి, గంభీరమైన పేరుకు లొంగిపోయారు. నిజనిర్ధారకులు ఆ పేజీలో ఎంతోసేపు నిలవలేదు. వెంటనే పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. తక్కువ చదివి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. గుడ్డిగా నమ్మే మనిషిని చూసి మనం చదువు రాదంటాం. ఇక్కడ మోసపోయినవారిలో ఆచార్యులున్నారు. వారికి పుష్కలంగా చదువు ఉంది, వల మీద చూపు మరల్చే అలవాటు మాత్రం లేదు. ముసాయిదాలో ఈ పక్కచూపుకు ఒక్క పీరియడు కూడా కేటాయించలేదు.

రాత గురించి చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. నెట్‌వర్క్‌లో రాయడమంటే టైపు చేయడమే అనుకుంటాం. ఇష్టమని నొక్కినా, పంచుకున్నా, ఒక వీడియో దగ్గర పది క్షణాలు ఎక్కువసేపు ఆగినా అది రాతే. దాన్ని యంత్రం చదువుతుంది, దాన్ని బట్టి ఇతరుల ముందు ఏది ఉంచాలో నిర్ణయిస్తుంది. 2018లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు సోరుష్ వొసుగి, దేబ్ రాయ్, సినాన్ ఆరల్ ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజం కంటే అబద్ధం మళ్లీ పంచుకోబడే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. తప్పు మనుషులు కాక ప్రోగ్రాములు నడిపే యంత్ర ఖాతాలదే అనుకుంటే, అవి నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే వేగంతో పంచాయి. తేడా తెచ్చింది మనుషులు.

అలాగని మనుషులు నిజాన్ని లెక్కచేయరని కాదు. పరిశోధకులు గోర్డన్ పెన్నీకుక్, డేవిడ్ రాండ్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనాలు నాకు ఊరట కలిగించాయి. నిజం తమకు ముఖ్యమని చాలామంది అంటారు, మనస్ఫూర్తిగానే. పంచుకునే క్షణంలో మనసు మరో వైపు ఉంటుంది, అంతే. ఏదో ఒక శీర్షిక చూపించి, ఇది నిజమనిపిస్తోందా అని ముందుగా అడిగితే చాలు, ఆ తర్వాత వారు పంచుకునే వాటి నాణ్యత మెరుగుపడింది. ఆ రాత్రి నా మనసూ ఆ పాప మీద ఉంది. తేదీ ఏదని ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే ఆగేవారమే, నేనూ, నా సహోద్యోగీ. వాట్సాప్ 2019లో ప్రపంచమంతటా ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చోట్లకే పంపేలా కట్టడి చేసింది. అప్పటికే చాలా చేతులు మారిన సందేశాలను 2020లో ఒక్క చోటికే పరిమితం చేసింది. మంచిదే. కానీ ఆ ఆగడం కంపెనీ ఇష్టాయిష్టాల మీద ఉండకూడదు. అది అలవాటుగా మన వేళ్లలోకి రావాలి, అందుకు బడి కావాలి.

భయపెట్టి ఈ పని జరగదు. నెట్ అంటే మోసగాళ్ల కొంప అని బోధించిన పిల్లలు అన్నిటినీ సమానంగా అనుమానించడం నేర్చుకుంటారు. మంచి ఆధారం, చెడ్డ ఆధారం వారికి ఒకటే. అది గుడ్డి నమ్మకమంత ప్రమాదం. అందుకే నా తరగతిలో వికీపీడియాను నిషేధించను. ప్రతి వ్యాసానికీ చరిత్ర పేజీ ఉంటుంది, ఏ వాక్యాన్ని ఎప్పుడు ఎవరు మార్చారో అక్కడ కనిపిస్తుంది. చర్చ పేజీలో ఎందుకు మార్చారో వాదించుకుంటారు. మాట నడిచి వచ్చిన దారి ఇంత తెరిచి ఉంచిన చోటు పిల్లలకు చూపడానికి నాకు మరొకటి దొరకలేదు. ఒక వాక్యాన్ని తగిన ఆధారంతో సరిచేసిన విద్యార్థికి, అది నిలబడిందా, ఎవరైనా తీసేశారా అని వారం పాటు చూసుకున్న విద్యార్థికి, నకిలీ వార్తల మీద నా ఉపన్యాసం అక్కర్లేదు.

ఇది కంప్యూటర్ ఉపాధ్యాయుల మీదే వేయవలసిన బరువు కాదు. ఫిన్‌లాండ్‌లో 2016 నుంచి అమల్లో ఉన్న జాతీయ పాఠ్యప్రణాళిక బహుళ అక్షరాస్యతను, అంటే అక్షరాలనే కాక చిత్రాలు, శబ్దాలు, వీడియోల వంటి అన్ని రూపాల సందేశాలను చదివే, రాసే నేర్పును, అన్ని సబ్జెక్టుల్లోనూ నేర్పవలసిన నైపుణ్యంగా పెట్టింది. గణితంలో వలను గీయవచ్చు, చరిత్రలో ఒక ఫోటో మొదట ఎక్కడ ప్రచురితమైందో వెతకవచ్చు, భాషా తరగతిలో ఒక శీర్షిక చేతులు మారుతూ ఎలా పదునెక్కిందో చూడవచ్చు. పరీక్ష కూడా మారాలి. నెట్ మూసి, నిర్వచనాలు రాయించే పరీక్షలో ఈ చదువు కొలతకు అందదు. నెట్ తెరిచి ఉంచి, ఒక సందేశం ఇచ్చి, "ఇది ఎక్కడ మొదలైంది? ఎలా తెలుసుకున్నావు? నువ్వైతే పంపుతావా, ఎవరికి?" అని అడగండి. మార్కులు జవాబుకు కాదు, నడిచిన దారికి వేయండి.

మరొక విన్నపం మీ కార్యాలయానికే. సెలవుల ప్రకటనలు, పరీక్షల వాయిదాలు మా దాకా వచ్చేది ఫోటోలుగా. ఏ సంవత్సరానివో కొన్నింటిలో కనిపించదు. నిరుటి వాయిదా ప్రకటన ఈ ఏడాది తిరిగితే పిల్లలు పరీక్షకు రాకుండా పోతారు. ప్రతి ప్రకటన పైన కొట్టొచ్చినట్టు తేదీ, సంవత్సరం వేయించండి. అసలు ప్రతి ఎక్కడ చూడాలో మారని చిరునామా ఒకటి ఇవ్వండి, రద్దయినప్పుడు అదే చోట రద్దయిందని రాయించండి. పాఠం పుస్తకంలో అచ్చవడానికి సమయం పడుతుంది. ఇది రేపే చేయవచ్చు.

అట్ట, దారంతో చేసే పాఠం వివరాలు, తెరిచిన నెట్‌తో రాసే పరీక్షకు పన్నెండు నమూనా ప్రశ్నలు ఈ లేఖతో జతపరుస్తున్నాను. మొదటి ప్రశ్న తేదీ లేని ఒక రక్తదాన విజ్ఞప్తి. నంబరు మాత్రం తీసేశాను.

ఇట్లు,
ఒక బడి ఉపాధ్యాయురాలు