ఆహార విభాగం వార్షిక నివేదిక: ఈస్ట్‌కు తోడు పెట్టిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం. బెంగళూరులోని మన తెలుగు సంఘం ఆహార విభాగం ఈ ఏడాది కూడా ఆవకాయ, వడియాల తరగతులను యథావిధిగా నిర్వహించింది. ఎక్కువ ప్రశ్నలు రేపినది మాత్రం బీరు ఈస్ట్ స్టార్టర్ తరగతి, అంటే బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్‌ను ముందుగా కొద్ది ద్రావణంలో పెంచుకోవడం. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడాన్ని 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం అనుమతించదు కాబట్టి, దీనిని మన హాలులో కాక, లైసెన్సు ఉన్న ఒక చిన్న బ్రూవరీలో, అక్కడి నిపుణుడి పర్యవేక్షణలో జరిపాము.

పాలు తోడుపెట్టడం తెలిసినవారికి స్టార్టర్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ద్రవరూప ఈస్ట్ నిల్వ ఉన్నకొద్దీ అందులో బతికున్న కణాలు తగ్గిపోతాయి. దానిని నేరుగా బీరు తయారయ్యే పెద్ద పాత్రలో వేస్తే పులియడం ఆలస్యమై, ఆలోగా బాక్టీరియాకు చోటు దొరుకుతుంది. అందుకని లీటరు నీటికి 100 గ్రాముల మాల్ట్ పొడి (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి పొడి) కలిపిన పలుచని ద్రావణంలో ముందుగా ఈస్ట్‌ను పెంచుతారు. చిక్కగా కలిపితే ఇంకా త్వరగా పెరగదా అని పలువురు అడిగారు గానీ, చక్కెర మితిమీరితే కణాలు నీరసిస్తాయి.

మన ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. ఎంత మరిగించినా కొన్ని బాక్టీరియా బీజాలు ఎలాగూ చావవు కనుక, నిపుణుడు మనవాళ్ల ప్రెషర్ కుక్కర్‌నే వాడించారు. మాల్ట్ పొంగుతుందని గాజు కుప్పెను సగానికి మించి నింపలేదు.

మొదటి కుప్పె పాడైంది. చల్లారిన ద్రావణంలో మా సభ్యులలో ఒకరు మామూలుగా కడిగిన గరిటె ముంచారు. మూడో రోజుకు అది పులిసిన ఇడ్లీ పిండి వాసన కొట్టింది. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ ప్రయోగశాలలో శాస్త్రవేత్త ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచడానికి అంత శ్రమ ఎందుకు పడ్డాడో ఆ వాసనతో మాకు బోధపడింది.

రెండో కుప్పె మూతిని వాయువు బయటికి పోయేలా అల్యూమినియం రేకుతో వదులుగా కప్పి, అటుగా వెళ్లినవారల్లా ఒకసారి కుదిపి వచ్చారు. ఈస్ట్ కణాల చుట్టూ ఉండే పొర నిర్మాణానికి కావలసిన ఆక్సిజన్ ఈ కుదుపుతోనే అందుతుంది. మర్నాటికి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నని చిటపట వినిపించింది. ఆపై ఫ్రిజ్‌లో ఉంచగా, అడుగున మీగడ రంగు పొర పేరుకుంది. పైతేటను వంపేసి, ఆ ముద్దలో కొంత బ్రూవరీకి ఇచ్చి, మిగిలినదానితో సభ్యులు రొట్టెలు చేశారు. పొంగడానికి చాలాసేపు పట్టినా రుచి బాగుంది.

చేత్తో కుదపడం రాత్రిళ్లు సాధ్యపడలేదు కనుక, అయస్కాంతంతో తిప్పే యంత్రం ఒకటి కొనే ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము.