నాట్ పక్కన ఏముందో కూడా చూడండి సార్

సంపాదకుల వారికి నమస్కారం,

మీ పేపర్లో హెల్త్ పేజీకి ఇంగ్లిష్ వార్తలు తెలుగులోకి తెచ్చి వేస్తా ఉంటారు కదా, వాటి గురించీ, అట్లనే చదువు పేజీలో వచ్చే ఇంగ్లిష్ పాఠాల గురించీ రెండు మాటలు రాద్దామని చానా రోజులుగా అనుకుంటా ఉండా. నేను తిరుపతిలో సాయంత్రం పూట బ్యాంకు పరీక్షల పిల్లోళ్ళకి ఇంగ్లిష్ చెప్పుకుంటా ఉంటాను, కాబట్టి ఇది నా పొట్టకూటి గొడవ కూడా అనుకోండి. విషయం ఏమంటే వాక్యంలో నాట్ కనబడగానే మనోళ్ళు కాదు, లేదు అని తేల్చేస్తారు, దాని పక్కన ఉండే రియల్లీ, ఎంటైర్లీ, నెసెసరిలీ లాంటి మాటల్ని ఏదో సోకు కోసం పెట్టినారులే అనుకోని వదిలేస్తారు. ఎంతవరకు కాదంటా ఉండారో చెప్పేది ఆ మాటే సార్.

ఒకటి చూడండి. ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్. ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్. రెండింట్లోనూ ఉండే మాటలు అవే, ఒకటి ఎక్కువ లేదు ఒకటి తక్కువ లేదు. మొదటిది అన్నాయన ఏమంత నచ్చలేదబ్బా అంటా ఉండాడు, గట్టిగా బలవంతం చేస్తే ఇంకో ముద్ద తింటాడు కూడా. రెండోది అన్నాయన ప్లేటు పక్కకి తోసేసినట్టే. నాట్ కంటే ముందు రియల్లీ వస్తే కాదనడానికే బలం వస్తాది, అదే నాట్ తర్వాత వచ్చిందనుకోండి, నాట్ పోయి ఆ రియల్లీ మీద పడతాది, అంటే అక్కడ కొట్టేసింది ఇష్టాన్ని కాదు, ఇష్టం గట్టిగా ఉందనే మాటని. డెఫినిట్లీ నాట్, నాట్ డెఫినిట్లీ కూడా ఇదే లెక్క, మొదటిది తలుపు మూసేయడం, రెండోది ఇంకా ఖాయం కాలేదని చెప్పడం. క్లియర్లీ, హి డిడ్ నాట్ స్పీక్ అంటే ఆయన నోరు తెరవలేదని తెలుస్తానే ఉంది అని. హి డిడ్ నాట్ స్పీక్ క్లియర్లీ అంటే మాట్లాడినాడు గానీ నసిగినాడు. ఇది చెప్పినప్పుడు క్లాసులో పిల్లోళ్ళు ఒక్క నిమిషం బిత్తరపోతారు, ఎందుకంటే బళ్ళో యాడ్‌వెర్బ్ అంటే చివర ఎల్‌వై ఉండే మాట అని చెప్పి ముగించేసి ఉంటారు, అది ఎక్కడ నిలబడాలనేది ఎవరూ చెప్పి ఉండరు.

నాట్ నెసెసరిలీ దగ్గర మాత్రం పేపర్లోళ్ళు చానా అన్యాయం చేస్తా ఉండారు, చెప్తే కోపం తెచ్చుకోవద్దు. ఫలానా తిండి తింటే షుగర్ రావాలనేం లేదు అని ఇంగ్లిష్‌లో జాగ్రత్తగా రాసుంటే, తెలుగు హెడ్డింగ్‌లో తింటే షుగర్ రాదు అని అయిపోతాది. చోటు చాలదు, నాలుగు మాటల్లో కుదించాల, నాకూ తెలుసు. కానీ ఆ రావాలనేం లేదు అనే ముక్క పోయినాక మిగిలేది వేరే వార్త, దాన్ని చదివి ఇంట్లో పెద్దోళ్ళు ఇంకో లడ్డు తీసుకుంటారు.

మా వీధిలో ఒక అబ్బాయి వాళ్ళమ్మకి కడుపు స్కాన్ తీయించి రాత్రిపూట ఆ కాగితం పట్టుకోని, వెనకాలే ఆయమ్మని కూడా తోలుకోని మా ఇంటికొచ్చినాడు, అన్నా, అమ్మకి ప్యాంక్రియాస్ లేదంట అన్నా అని, మొగం చూస్తే నెత్తురు చుక్క లేదు. తీసి చూస్తే ప్యాంక్రియాస్ నాట్ క్లియర్లీ విజువలైజ్డ్, డ్యూ టు బొవెల్ గ్యాస్ అని ఉంది. వాడు నాట్ చూసినాడు, క్లియర్లీ చూడలేదు. పేగుల్లో గ్యాస్ ఉంటే అల్ట్రాసౌండ్ దాన్ని దాటుకోని సరిగా పోలేదు, ప్యాంక్రియాసేమో ఆ వెనకాల ఎక్కడో దాక్కోనుంటాది, అందుకని సరిగా కనబడలేదని రాసినారు, అంతే తమ్ముడూ, రేపు డాక్టర్ని అడుగు, కావాలంటే మళ్ళీ తీస్తారు అని చెప్పి కూర్చోబెట్టినాను. ఆయమ్మ గడపకాడ నిలబడే, నిన్న అలసంద వడలు రవంత ఎక్కువైనాయిలే నాయనా అనింది. రిపోర్టు రాసినోళ్ళ తప్పు ఏమీ లేదు, సరిగ్గానే రాసినారు.

వానల వార్తల్లో కూడా ఇట్లనే. వాతావరణ మార్పుల మీద రిపోర్టులిచ్చే ఐపీసీసీ అయితే ఈ మాటలకి ఏకంగా అంకెలే కట్టేసింది, అన్‌లైక్లీ అంటే 33 శాతం లోపు, వెరీ అన్‌లైక్లీ అంటే 10 శాతం లోపు, ఎక్సెప్షనల్లీ అన్‌లైక్లీ అంటే 1 శాతం లోపు. ముందున్న ఆ ఒక్క మాట మారితే మూడింట ఒక వంతు దాకా ఉండే అవకాశం నూటికి ఒకటికి పడిపోతాది, మనం మాత్రం మూడింటినీ జరగదు అని ఒకే గాటన కట్టేస్తాం. 2021 నవంబర్ వానలకి మన ఊరు ఎట్ల మునిగిందో, రాయలచెరువు కట్ట గురించి ఎన్ని పుకార్లు పుట్టినాయో చూసినోళ్ళం, అవకాశం తక్కువ అనే దానికీ జరగదు అనే దానికీ తేడా మనకి ఇంకొకరు చెప్పాల్సిన పన్లేదు.

తెలుగులో ఇట్లాంటి మాటలు లేవా అంటే బోలెడు. పెద్దగా రాదు, అంతగా బాలేదు, బొత్తిగా తెలీదు, ససేమిరా ఒప్పుకోడు. సుతరామూ అనే మాటైతే కాదు, లేదు తోడు లేకుండా నిలబడనే నిలబడదు, సుతరామూ ఒప్పుకున్నాడు అని ఎవరైనా అంటారా. కాకపోతే మనకి కాదనడం క్రియ చివర్లోనే అతుక్కోని ఉంటాది, రాను, రావు, రాడు అని, అందుకని నాట్‌కి ముందా వెనకా అనే పేచీ మనకి రానే రాదు. ఆ అలవాటుతోనే పిల్లోళ్ళు ఇంగ్లిష్‌లో కూడా ఆ మాటని ఎక్కడ పెట్టినా ఒకటేలే అనుకుంటారు. వాడు అన్నిసార్లూ రాడు, అప్పుడప్పుడూ వస్తాడు అని చెప్పబోయి హి ఆల్వేస్ డజ్ నాట్ కమ్ అని రాస్తారు, అప్పుడు వాడు అసలుకే రాడని అయిపోతాది. హి డజ్ నాట్ ఆల్వేస్ కమ్ అనాల. మన తెలుగూ అంత ముక్కుసూటి ఏం కాదులెండి, మెరిసేదంతా బంగారం కాదు అని రెండు భాషల్లోనూ అంటాం కదా, అక్షరాలా పట్టుకుంటే మెరిసేది ఏదీ బంగారం కాదనే అర్థం కూడా వస్తాది, అప్పుడు బజారువీధిలో నగల కొట్లన్నీ మూసుకోవాల.

ఇంకో తమాషా ఉంది. ఈ నాట్ అనేదే ఒకప్పుడు తోడుగా వచ్చిన మాట. పాత ఇంగ్లిష్‌లో కాదనడానికి క్రియ ముందర నె అనే చిన్న ముక్క ఉండేది, దానికి బలం చాలక ఏమీ అనే అర్థమొచ్చే ఇంకో మాటని తెచ్చి తగిలించినారు, పోనుపోను ఆ నె రాలిపోయి తోడొచ్చిందే మిగిలింది, అదే అరిగీ అరిగీ నాట్ అయ్యింది. ఒట్టో యెస్పర్సన్ అని డెన్మార్క్ పండితుడు 1917లోనే దీని మీద పెద్ద వ్యాసమే రాసినాడు. నాట్ ఎగ్జాక్ట్లీ సంగతి చెప్పనే లేదు, హి ఈజ్ నాట్ ఎగ్జాక్ట్లీ ఎ జీనియస్ అంటే జీనియస్‌కి రవంత తక్కువ అని కాదు, మొద్దు అని మర్యాదగా తిట్టడం. ఇవన్నీ ఆదివారం పాఠాల్లో ఒక రెండు వారాలు వేయించండి సార్, టెన్సులు ఎన్నిసార్లు వేస్తారు.

ఒకటి మాత్రం అర్జెంటుగా సవరించాల. మీరు వేసిన మోడల్ పేపర్లో హి హార్డ్లీ ఈట్స్ ఎనీథింగ్, అంటే వాడు తినేది దాదాపు ఏమీ లేదు, అనే దానికి క్వశ్చన్ ట్యాగ్, అదే వాక్యం చివర కదా అన్నట్టు తగిలించే చిన్న ప్రశ్న, డజంట్ హి అని కీ ఇచ్చినారు. డజ్ హి అని ఉండాల, కాదనే వాక్యానికి ట్యాగ్‌లో మళ్ళీ నాట్ రాదు కదా. నాట్ కనబడకపోయినా హార్డ్లీ, స్కేర్స్‌లీ, బేర్లీ, సెల్డమ్, రేర్లీ అన్నీ లోపల నెగెటివ్‌లే, ఆ వాక్యంలో సమ్‌థింగ్ కాకుండా ఎనీథింగ్ వచ్చి కూర్చుందంటేనే అర్థమైపోవాల. ఆ పక్క ప్రశ్నలోనే హార్డ్లీ హాడ్ హి రీచ్డ్ తర్వాత వెన్ రావాలని కరెక్టుగా ఇచ్చినారు, దాన్ లేదు, సంతోషం, కానీ అక్కడ హాడ్ ముందుకి ఎగిరొచ్చింది కూడా హార్డ్లీలో ఉండే ఆ నెగెటివ్ వల్లే కదా. మా క్లాసులో ఇద్దరు ముగ్గురు మీ కీని కత్తిరించి నోట్సులో అంటించేసుకున్నారు, నేను తప్పని చెప్తే పేపర్లో వేసినారు కదా సార్ అని నన్నే అనుమానంగా చూస్తా ఉండారు. బ్యాంకు పరీక్షలో తప్పుకి పావు మార్కు కోత పడతాది, కాబట్టి ఆ సవరణ ఎక్కడో మూల కాకుండా కీ వచ్చిన పేజీలోనే, కనబడేంత అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భవానీ నగర్, తిరుపతి